డైమిథోయేట్ రద్దయ్యాక ఆలివ్ ఈగ: పాత పోరు, పాత ఎర

యూరోపియన్ యూనియన్ 2019 జూన్‌లో డైమిథోయేట్ అనే పురుగుమందు అనుమతిని పునరుద్ధరించడానికి నిరాకరించింది. ఆ మందూ, దాన్నుంచి ఏర్పడే ఒమిథోయేట్ జన్యువులకు హాని చేయవని చెప్పలేని పరిస్థితి ఇందుకు ముఖ్య కారణం. దాంతో కాయలో దూరిన ఆలివ్ ఈగ పిల్లపురుగును చంపే ప్రధాన ఆయుధం మధ్యధరా దేశాల ఆలివ్ రైతుల చేయి జారింది. ఇక ఈగ గుడ్డు పెట్టకముందే దాన్ని ఆపాలి. వందేళ్ల కిందట అక్కడి రైతులు చేసిందీ అదే.

ఆలివ్ ఈగ అసలు బలం అది దాక్కునే చోటులో ఉంది. టెంక గట్టిపడే దశ నుంచి ఆడ ఈగ తొక్కకు గాటు పెట్టి, సాధారణంగా కాయకొక గుడ్డు చొప్పున పెడుతుంది. వేసవిలో అది రెండు మూడు రోజుల్లో పొదుగుతుంది. పిల్లపురుగు గుజ్జును తొలుచుకుంటూ సుమారు రెండు వారాల్లో కోశస్థ (ప్యూపా) దశకు చేరుతుంది. అనుకూల వాతావరణంలో నెలకో తరం పూర్తవుతుంది. చివరి తరం నేలలో దిగి చలికాలం గడుపుతుంది. పచ్చి ఆలివ్‌లోని చేదు పదార్థాన్ని తట్టుకోవడానికి పిల్లపురుగుకు కడుపులోని బాక్టీరియా సాయపడుతుంది. ఇటలీ శాస్త్రవేత్త పెట్రి ఆ బాక్టీరియాను 1909లోనే గమనించాడు. వేడి మాత్రం దీనికి పడదు. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఈగ మందగిస్తుంది, గుడ్లూ పిల్లపురుగులూ చస్తాయి. చలి అంతగా లేని శీతాకాలం, ఆ వెంటనే చల్లని వాన వేసవి కలిసొచ్చిన 2014లో ఇటలీ పంట ఘోరంగా దెబ్బతినడానికి కారణం ఇదే.

20వ శతాబ్దం మొదట్లో ఇటలీలో బెర్లేసె వంటి కీటక శాస్త్రవేత్తలు బెల్లపు మడ్డిలో ఆర్సెనిక్ కలిపిన విషపు ఎరను ప్రచారం చేశారు. ఉత్తర ఆఫ్రికాలో దొరికిన ఒక పరాన్నజీవి కందిరీగను పెంచి వదిలారు కానీ, తోటల్లో అది ఆశించినంత పని చేయలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ, ఆపైన ఆర్గానోఫాస్ఫేట్లనే రకం పురుగుమందులు వచ్చాయి. వాటిలో డైమిథోయేట్ నిలదొక్కుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, అది తొక్క దాటి లోపలి పురుగును చంపుతుంది. రెండు, నీటిలో కరుగుతుంది కాబట్టి గానుగలో చాలా భాగం నూనెలోకి రాకుండా కాయ నీటితో పోతుంది. ఈ సౌకర్యం రైతుకు ఓ అలవాటు నేర్పింది: గాట్లు కనబడ్డాకే పిచికారీ చేయడం. చెట్టంతా తడిపే మందులు పొలుసు పురుగుల సహజ శత్రువులనూ చంపేశాయి. అడ్డులేక పెరిగిన ఆ పురుగుల తియ్యటి స్రావం వల్ల ఆకుల మీద మసి తెగులు వచ్చింది. గ్రీసు ఈగల్లో ఆర్గానోఫాస్ఫేట్లను తట్టుకునే జన్యు మార్పులు కూడా బయటపడ్డాయి.

ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ గుడ్డుకు ముందు పని చేసేవే కనుక సమయం తప్పితే ఖర్చు వృథా. తోటంతా తిరిగి 100 కాయలు కోసి, తొక్క తీసి భూతద్దంతో చూడాలి. బతికున్న గుడ్లు, చిన్న పిల్లపురుగులే లెక్కకు వస్తాయి. ఖాళీ రంధ్రాలు పాత కథ చెబుతాయంతే. నూనె రకాలకు సుమారు 10 శాతం దాకా ఓర్చుకునేవారు. ఆ లెక్క లోపలి పురుగును చంపే డైమిథోయేట్ ఉన్నప్పటిది, ఇప్పుడు అంతదాకా ఆగడం ఆలస్యమే. ఊరబెట్టి తినే ఆలివ్‌లకైతే ఒక్క గాటూ పనికిరాదు.

స్పెయిన్‌లో వాడుకలోకి వచ్చిన ఒలీపే ఉచ్చు చవకైనది. ఒకటిన్నర లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగంలో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు పెట్టి, లీటరు నీటికి 40-50 గ్రాముల డై అమోనియం ఫాస్ఫేట్ కలిపి పోస్తారు. రంధ్రం పెద్దదైతే మేలుచేసే పురుగులూ పడతాయి. ద్రావణం ఆవిరైతే ఉచ్చు వట్టి సీసాయే. ఈగ ఉద్ధృతి ఎక్కువుంటే ఉచ్చులొక్కటే చాలవు.

కేయోలిన్ మట్టిని 100 లీటర్ల నీటికి 5 కిలోల చొప్పున, టెంక గట్టిపడేటప్పుడే కొట్టాలి. తెల్లపూత కింద కాయను ఈగ పోల్చుకోలేదు. వాన కడిగేసినా, కాయ పెరిగి పూత పలచబడినా మళ్లీ కొట్టాలి. గుడ్డు పడ్డాక కొట్టే పూత పురుగును ఏమీ చేయదు.

స్పైనోసాడ్ అనే పురుగుమందు కలిపిన ఎర బెర్లేసె ఆలోచనకు వారసురాలే, విషం మారింది. పెద్ద చుక్కలుగా చెట్టులో ఒక భాగం మీదే వేస్తారు. సన్నగా తుంపర చేస్తే త్వరగా ఎండి ఈగను ఆకర్షించదు. ఈగ 1998లో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో కనిపించాక కాలిఫోర్నియా ఈ ఎర మీదే ఎక్కువగా ఆధారపడింది. 2010 నాటికి అక్కడి ఈగల్లో నిరోధకత పెరుగుతున్నట్టు తేలింది. అందుకే ఎరతో పాటు, కోత త్వరగా ముగించి చెట్టు మీదా నేల మీదా కాయ మిగలకుండా ఏరేయాలి. పక్క తోట బీడుపడి ఉంటే ఈ శ్రమంతా సగమే పని చేస్తుంది, ఈగలు అక్కడి నుంచే వస్తాయి.