సినిమా చూపిస్తూ సర్జరీ సరే, గడ్డ ఎంత తీయాలన్నదే అసలు గొడవ

2022లో సికింద్రాబాద్ గాంధీలో, 2024లో కాకినాడ జీజీహెచ్‌లో, పేషెంటుకి సినిమా చూపిస్తూ బ్రెయిన్ ట్యూమర్ తీశారని వార్తలొచ్చాయి. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ, మనిషి మెలకువగా ఉండగా తల తెరవడం అవసరమా అని ఒకరంటే, అవన్నీ ఎందుకు, గడ్డ మొత్తం వచ్చిందా లేదా అది చెప్పండని ఇంకొకరంటారు. థియేటర్ బయట కూర్చున్న ఇంటివాళ్లు డాక్టరు కనబడగానే అడిగేదీ ఆ రెండో ప్రశ్నే.

మెదడుని కప్పి ఉండే పొరల్లో పెరిగే మెనింజియోమా లాంటి గడ్డల్ని చాలాసార్లు పూర్తిగా తీసేయొచ్చు. గ్లయోమా అనే రకం గడ్డ మెదడులోకే పాకిపోతుంది, ఎమ్మారైలో కనిపించే అంచు దాటాక కూడా దాని కణాలుంటాయి. అయినా "వీలైనంత తీసేయాలి" అన్న మాటకి ఇంత బలం రావడానికి 2001 నాటి ఒక లెక్క పెద్ద కారణం. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి సర్జన్లు గ్లయోమాల్లో అతి ప్రమాదకరమైన గ్లయోబ్లాస్టోమా ఉన్న 416 మంది వివరాలు చూస్తే, గడ్డలో 98 శాతం, ఆపైన తీసినవాళ్లలో సగం మంది 13 నెలలు దాటి బతికారు. మిగతావాళ్లలో ఆ లెక్క 8.8 నెలలే. ఈ తేడా చిన్నది కాదు, ఆ వాదన తప్పూ కాదు.

కానీ నా దృష్టిలో అసలు మలుపు 2009. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వాళ్లు 306 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల్ని వేరే కోణంలో చూశారు: ఆపరేషన్ వల్లే కొత్తగా చెయ్యో కాలో పడిపోయినవాళ్లు, మాట పోయినవాళ్లు ఎన్నాళ్లు బతికారు? ఏ లోపమూ రానివాళ్లలో సగం మంది దాటిన గడువు 12.8 నెలలు, మాట దెబ్బతిన్నవాళ్లలో 9.6, కాలు చెయ్యి పడిపోయినవాళ్లలో 9. అంటే ఇంకొంచెం తీద్దామని లోపలికి వెళ్లి కదలికనో మాటనో దెబ్బతీస్తే, ఎక్కువ తీసి సంపాదించిన నెలలు అక్కడే పోవచ్చు. మంచం పట్టిన మనిషి రేడియేషన్, కీమో తట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఇంట్లోవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆయుష్షా, బతికే తీరా, ఏదో ఒకటే ఎంచుకోవాలన్న పాత లెక్క ఇక్కడే చెడింది.

మెలకువ సర్జరీ ఉన్నది అందుకే. సినిమా పేషెంటు టెన్షన్ పడకుండా ఉండటానికి మాత్రమే. మెదడుకి నొప్పి తెలియదు కాబట్టి, సర్జన్ చిన్న కరెంటు తాకిస్తూ ఉంటే పేషెంటు బొమ్మల పేర్లు చెబుతుంటాడు, వేళ్లు ఆడిస్తుంటాడు. మాట ఆగిందా, ఆ చోటు గుర్తుపెట్టి వదిలేస్తారు. 2012లో 8,091 మంది గ్లయోమా రోగుల అధ్యయనాలని కలిపి చూస్తే, ఇలా కరెంటుతో పరీక్షిస్తూ తీసినప్పుడు తీవ్రమైన శాశ్వత లోపాలు 3.4 శాతం, అలా చేయనప్పుడు 8.2. గడ్డ పూర్తిగా తీయగలిగిన కేసులు కూడా ఈ పద్ధతిలోనే ఎక్కువ.

ఇంత చేసినా ఒక నష్టం ఈ అంకెల్లోకి రాదు. ఈ కరెంటు పరీక్షకి పేరు తెచ్చిన మెదడు సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1928లో సొంత అక్క రూత్ గడ్డ తీయడానికి కుడి ముందు మెదడులో చాలా భాగం తీసేశాడు. ఆవిడ మాట, మర్యాద, తెలివి అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. 15 నెలల తర్వాత ఒక అతిథికి, నలుగురు ఇంటివాళ్లకి మామూలు భోజనం వండుదామని ఉత్సాహంగా రోజంతా సిద్ధమైంది. వేళయ్యేసరికి సామానంతా వంటింట్లోనే ఉంది, పొయ్యి మీద ఒకటో రెండో ఉన్నాయి, సలాడ్ కాలేదు, మాంసం అసలు మొదలే కాలేదు, ఆవిడ అయోమయంలో, బాధలో నిలబడి ఉంది. పెన్‌ఫీల్డ్ దీన్ని దాచుకోకుండా 1935లో వైద్య పత్రికలో రాశాడు.

పరీక్షల్లో రూత్ లాంటివాళ్లకి "లోపం లేదు" అనే రాస్తారు. అందుకే "మొత్తం తీస్తారా" అని అడిగే ముందు, ఈ మనిషి రోజూ చేసే పనేంటి, వంటా, లెక్కలా, పాఠం చెప్పడమా, అందులో ఏది పోతే తట్టుకోలేరు అన్నది సర్జన్‌కి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. థియేటర్లో ఏం పరీక్షించాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోవడానికి ఆయనకి ఆ సంగతి తెలియాలి.