బియ్యం సరే, పిల్లకి పురుగేదీ?

నెల్లూరు, మూలాపేట

పిల్లకాయల్లారా,

తాతయ్య ఆశీస్సులు. బాల్కనీలో బియ్యం పోసి వారమైనా ఒక్క పిచ్చుకా రాలేదని మొన్న ఫోన్లో దిగులుపడ్డారు. అందుకే ఈ ఉత్తరం.

మన పాతిల్లు పెంకుటిల్లు. దూలానికీ వాసాలకీ మధ్య సందుల్లో ఎప్పుడూ రెండు మూడు గూళ్ళుండేవి. కోతలయ్యాక మా నాయన వరికంకులు కుచ్చుగా అల్లి వసారాలో వేలాడదీసేవాడు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటే నూకల కోసం ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చేవి. గొంతు కింద నల్లమచ్చ ఉండేది పోతుపిచ్చుక. అద్దంలో తన నీడని చూసి టకటకా పొడిచేది.

ఆ ఇల్లు పడగొట్టి స్లాబు వేయించింది నేనే. ఒక్క కన్నం మిగలకుండా సిమెంటు పూయించాను. ఆ వేసవిలో ఒక జంట గడ్డిపరకలు నోట కరుచుకుని కిటికీ మీద, మీటరు బోర్డు మీద, మళ్ళీ కిటికీ మీద వాలి వాలి, చివరికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

గూటికి చోటుంటే సరిపోదమ్మా. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ, కళ్ళు తెరవని పిల్లకి మెత్తటి పురుగులే ఆహారం. పిల్లలు గూట్లో ఉండేది రెండు వారాలు. అన్నాళ్ళూ తల్లీ తండ్రీ పొద్దస్తమానం పురుగులు మోస్తూనే ఉంటాయి. స్టోన్‌హౌస్‌పేటలో ఒక కొట్టు షట్టరు పైన గూడుంది. మొన్న అక్కడే నిలబడిపోయాను. తల్లి ముక్కున ఆకుపచ్చ పురుగు, ఇంకా మెలికలు తిరుగుతోంది. కొట్టాయన పక్కకి తప్పుకునేదాకా తీగ మీద ఆగి, చటుక్కున లోపల దూరింది. మరుక్షణం పిల్లల కిచకిచలు! మళ్ళీ ఎగిరి నేరుగా వెనక వీధిలోని చిక్కుడు పాదు మీద వాలింది.

గింజలు తినేస్తున్నాయని 1958లో చైనా వాళ్ళు పిచ్చుకల్ని వెంటబడి చంపారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే అదే. మిడతలూ పురుగులూ పెరిగి పంటలు పాడయ్యాక, 1960లో ఆ చంపే జాబితాలోంచి పిచ్చుకని తీసి నల్లిని చేర్చారు.

సెల్ టవర్ల వల్లే పోయాయంటారు, అది రుజువు కాలేదు. 2020లో వచ్చిన దేశ పక్షుల నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకలు పెద్దగా తగ్గలేదు. తగ్గింది చెన్నై, హైదరాబాద్ లాంటి మహానగరాల్లో. అంటే మీరుండే చోటే.

కాబట్టి బియ్యంతో పాటు ఒక కుండీలో చిక్కుడు గింజ పెట్టండి. ఆకుకి పురుగు పడితే మందు కొట్టొద్దని అమ్మకి చెప్పండి. వెడల్పాటి మూకుట్లో నీళ్ళు పోసి రోజూ మార్చండి. చెక్కపెట్టెకి ఒకటింబావు అంగుళం రంధ్రం చాలు, పెద్దదైతే గోరింక దూరుతుంది. ఎనిమిది, పది అడుగుల ఎత్తున, నీడలో, ఫ్యానుకి దూరంగా బిగించండి. ఒక ఏడాది ఖాళీగా ఉన్నా తీసెయ్యకండి.

వడ్రంగి దగ్గర చెక్క కోయించి ఉంచాను. సెలవులకి రాగానే మనింటికీ ఒక పెట్టె కొడదాం, మీటరు బోర్డు పక్కనే, ఆ జంట వాలిన చోట.

మీ తాతయ్య