ఒంటారియో క్యాథలిక్ హైస్కూళ్లలో క్లబ్బు పేరు మీద పేచీ

కెనడాలోని ఒంటారియోలో క్యాథలిక్ స్కూలు అంటే మన మిషనరీ స్కూలు లాంటిది కాదు. ఫీజు ఉండదు, ఖర్చంతా ప్రభుత్వానిదే. 1867 రాజ్యాంగంలోని 93వ సెక్షన్ అక్కడి క్యాథలిక్ స్కూళ్ల హక్కులకు హామీ ఇచ్చింది. పై తరగతులకు పూర్తి నిధులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. 1984లో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) బిల్ డేవిస్ ప్రకటిస్తే, 1987లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ హైస్కూళ్లలో ఇప్పుడు వేరే మతాల పిల్లలూ చేరొచ్చు. బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో ఉండే తెలుగు కుటుంబాలకూ అదొక ఆప్షనే.

జనం పన్నులతో నడిచే స్కూలు చర్చి మాట వినాలా, చట్టం మాట వినాలా? స్వలింగ ఆకర్షణ ఉన్న పిల్లల కోసం పెట్టే క్లబ్బు పేరు మీద గొడవంతా ఇక్కడే. 2002లో ఈ ప్రశ్నే మరో రూపంలో కోర్టుకెక్కింది. ఓషావాలో ఒక విద్యార్థి ప్రామ్ పార్టీకి (స్కూలు చివర్లో జరిగే డ్యాన్స్ వేడుక) తన బాయ్‌ఫ్రెండ్‌ని తీసుకెళ్తానంటే స్కూలు వాళ్లు కుదరదన్నారు. స్కూలు అడ్డుకోకూడదని జడ్జి రాబర్ట్ మెకినన్ ఇంజంక్షన్ ఇచ్చారు, ఆ అబ్బాయి వెళ్లాడు. కేసు మాత్రం తుది తీర్పు దాకా పోలేదు. అసలు ప్రశ్న అలాగే మిగిలింది.

'గే-స్ట్రెయిట్ అలయన్స్' క్లబ్బులు 1988లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో మొదలయ్యాయని చెబుతారు. స్వలింగ ఆకర్షణ ఉన్న పిల్లలూ, వాళ్లకు తోడుండే మిగతా పిల్లలూ కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు, అంతే. 2010లో ఒంటారియోలోని హాల్టన్ క్యాథలిక్ బోర్డు (అక్కడి క్యాథలిక్ స్కూళ్లను నడిపే సంస్థ) వీటిని నిషేధించింది. విమర్శలు వెల్లువెత్తడంతో కొన్ని వారాలకే నిషేధాన్ని వెనక్కి తీసుకుంది. 2011లో మిస్సిసాగాలోని సెయింట్ జోసెఫ్ స్కూలు పిల్లలు క్లబ్బు అడిగితే ఒప్పుకోలేదు. ఒక కార్యక్రమంలో ఇంద్రధనుస్సు బొమ్మలు పెట్టొద్దన్నారు. పిల్లలు ఆ రంగులతో కప్‌కేకులు చేసి తెచ్చారు! వాదనలెన్ని ఉన్నా జనానికి బాగా గుర్తుండిపోయింది ఆ కేకులే.

చర్చి ఇబ్బంది ఉత్త మొండితనం కాదు. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్ల పట్ల అన్యాయమైన వివక్ష తగదని క్యాథలిక్ ధర్మబోధ గ్రంథమే చెబుతుంది, స్వలింగ సంబంధం తప్పని కూడా అదే చెబుతుంది. ఈ రెంటికీ సర్దుబాటుగా 2012 జనవరిలో క్యాథలిక్ బోర్డుల ట్రస్టీల సంఘం 'భేదాన్ని గౌరవిద్దాం' అనే అర్థం వచ్చే పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. వేధింపులను ఎదిరించే గ్రూపులు పెట్టుకోవచ్చు గానీ 'గే-స్ట్రెయిట్ అలయన్స్' అన్న పేరు వద్దన్నది దాని సారం. నాకైతే బోర్డులు చేసిన పెద్ద తప్పు ఇదే అనిపిస్తుంది. 'గే' అన్న మాటే పలకని క్లబ్బు తన కోసమేనని ఆ పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

అప్పటికే ప్రభుత్వం స్కూళ్లలో వేధింపులను అరికట్టేందుకు 13వ నంబరు బిల్లు తెచ్చింది. మొదటి ముసాయిదాలో 'ఆ పేరు లేదా మరో పేరు' అని ఉండేది. ఆ సందును 2012 మేలో సవరణతో మూసేశారు: పిల్లలు కోరుకుంటే బోర్డు గానీ, ప్రిన్సిపల్ గానీ ఆ పేరు కాదనకూడదు. ఇది మత స్వేచ్ఛలో జోక్యమని టొరంటో ఆర్చిబిషప్ కార్డినల్ థామస్ కాలిన్స్ గట్టిగా వ్యతిరేకించారు. ప్రీమియర్ డాల్టన్ మెగింటీ కూడా క్యాథలిక్కే, అయినా వెనక్కి తగ్గలేదు. జూన్ 5న బిల్లు 65-36 ఓట్లతో గెలిచి, సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

స్కూలు తనంతట తానే క్లబ్బు పెట్టాలని ఈ చట్టం అనదు. ఎవరో ఒక విద్యార్థి ముందుకొచ్చి అడగాలి.