మరుగున పడ్డ సూపర్‌స్టార్లు: అపోహలు - వాస్తవాలు

పాత గ్రామఫోన్ రికార్డులను శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చడం నా పని. లేబుల్ మీద పేరు చూసి "ఈయనెవరండీ?" అని అడుగుతారు. తీరా చూస్తే ఆ రోజుల్లో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన గాయకుడై ఉంటాడు. అలాంటప్పుడు తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నిజంగా గొప్పవాళ్లయితే కాలమే నిలబెడుతుంది.

వాస్తవం: కాలం దానంతటది ఎవరినీ నిలబెట్టదు. ఎవరో ఒకరు పూనుకోవాలి. 1722లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ చర్చి సంగీత పదవి ఖాళీ అయింది. నగర పెద్దలు ముందు కోరుకున్నది టెలిమాన్ అనే స్వరకర్తను. ఆయన హాంబర్గ్ వదిలి రాలేదు. తర్వాత గ్రౌప్‌నర్ అనే ఇంకో స్వరకర్తను అడిగితే, ఆయన కొలువు చేసే ప్రభువు పంపనన్నాడు. అప్పుడుగానీ ఇవాళ మహా స్వరకర్తగా పేరున్న బాఖ్ వంతు రాలేదు! ఆ బాఖ్ సంగీతం కూడా చాలాకాలం పండితుల మధ్యే ఉండిపోయింది. 1829లో స్వరకర్త మెండెల్సన్ బెర్లిన్‌లో వినిపించాకే మళ్లీ జనంలోకి వచ్చింది. గ్రౌప్‌నర్‌కు అలాంటి మనిషి దొరకలేదు. పైగా ఆయన రాతప్రతులు ఎవరివన్న దానిపై వారసులకూ సంస్థానానికీ తగాదా వచ్చి, అవి బయటికి రాకుండా ఆయన కొలువు చేసిన డార్మ్‌స్టాట్‌లోనే ఉండిపోయాయి. తమాషా ఏంటంటే, ఆ తగాదా పుణ్యమా అనే అవి చెల్లాచెదురు కాకుండా మిగిలాయి.

అపోహ: అప్పటి జనానికి టేస్ట్ లేదు.

వాస్తవం: నాకు ఒళ్లు మండే మాట ఇది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో గాయకుడు బిల్లీ మర్రే రికార్డులకు విపరీతమైన గిరాకీ ఉండేది. అప్పటికి రికార్డింగ్‌కు మైకు లేదు. గాయకుడు పెద్ద గరాటులోకి గట్టిగా పాడితే, ఆ అదురుకే సూది మైనం మీద గాడి గీసేది. మెత్తటి గొంతులు అందులో సరిగా పడేవి కావు. మర్రే గొంతు ఖంగున మోగేది, ప్రతి మాటా స్పష్టంగా వినబడేది. 1925లో మైకు వచ్చింది, చెవిలో చెప్పినట్టు పాడేవాళ్ల రోజులొచ్చాయి. మర్రే కూడా గొంతు తగ్గించి పాడి చూశాడు కానీ పాత గిరాకీ తిరిగి రాలేదు.

ఇంకో సంగతి. ఆ కాలపు రికార్డులన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్ల వేగంతో చేసినవి కావు. వేగం తప్పితే శ్రుతి మారి గొంతు కీచుగానో బొంగురుగానో వస్తుంది. అలా ఎక్కించిన పాటను ఫోన్లో విని "ఇదేం గొంతు" అనేస్తే ఎలా?

అపోహ: లక్షల్లో అమ్ముడైనవి ఎక్కడికీ పోవు.

వాస్తవం: ఎక్కడపడితే అక్కడ దొరికేదాన్ని ఎవరూ దాచరు. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో, రికార్డుల తయారీకి వాడే లక్కకు కరువొచ్చి, పాత రికార్డులను సేకరించి కరిగించారు.

అపోహ: పేరు పోతే ఏమీ మిగలనట్టే.

వాస్తవం: జర్మన్ వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త లూయీ ష్పోర్‌ను ఆయన కాలంలో మహామహుల సరసన కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆయన సింఫనీలు (పెద్ద వాద్యబృందం కోసం రాసిన కృతులు) కచేరీల్లో అరుదు. కానీ వయొలిన్‌కు గడ్డం ఆనించుకునే ఆ చిన్న పట్టీ 1820 ప్రాంతంలో ఆయన తెచ్చిందే. వాడేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆయన సంగీతం వినాలనుకుంటే ఎనిమిదో వయొలిన్ కన్సర్టోతో (వాద్యబృందం తోడుగా ఒక వయొలిన్ ప్రధానంగా సాగే కృతి) మొదలుపెట్టండి. వయొలిన్ విద్యార్థులు దాన్ని ఇప్పటికీ సాధన చేస్తారు కాబట్టి మంచి రికార్డింగులు తేలిగ్గానే దొరుకుతాయి.