ఆ ఖరీదైన కిడ్నీ ఇంజెక్షన్ ఎవరికి పనికొస్తుంది?

స్వాతికి, బాబికి తాతయ్య ఆశీస్సులు.

కిడ్నీ జబ్బుకి లక్షల ఖరీదు చేసే ఇంజెక్షన్ ఉందట, అది వేయిస్తే పక్కింటి మామయ్యకి డయాలసిస్ తప్పుతుందా అని అడిగారు. మందు ఉన్న మాట నిజమే. పేరు ఎకులిజుమాబ్. కానీ మామయ్య కిడ్నీలు పాడైంది షుగర్ వల్ల. ఆయనకు అది పనికిరాదు.

ఎందుకంటారా? మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దళం ఉంటుంది. దాని మీద పరిశోధనకే బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డేకి 1919 నోబెల్ బహుమతి వచ్చింది. క్రిమి కనబడగానే ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. చివర్లో సి5 అనేది రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క తెల్ల కణాలను పిలుస్తుంది, రెండోది తోటి ప్రోటీన్లను కూడగట్టుకుని క్రిమి గోడకు చిల్లు పెడుతుంది. మన కణాల జోలికి రాకుండా ఫ్యాక్టర్ హెచ్ లాంటివి ఈ దళాన్ని అదుపులో పెడతాయి.

ఆ అదుపు తప్పితే కంచే చేను మేస్తుంది. ఎక్కువ దెబ్బ తినేది కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి రక్తనాళాలే. వాటి గోడలు దెబ్బతిని లోపల రక్తం గడ్డలు కడుతుంది. ఆ ఇరుకులో దూరిన ఎర్ర కణాలు తెగిపోతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే గుండ్రంగా ఉండాల్సినవి మొనదేలిన కొసలతో ముక్కలుగా కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రం తగ్గిపోతుంది. దీన్ని ఎటిపికల్ హెచ్‌యూఎస్ అంటారు. అరుదైన జబ్బు. ఒకప్పుడు చాలామంది డయాలసిస్ దాకా వెళ్లేవారు, మార్పిడి చేసిన కిడ్నీకి కూడా మళ్లీ వచ్చేది.

ఎకులిజుమాబ్ ఒక యాంటీబాడీ, అంటే ఎంచుకున్న ఒక్కదాన్నే పట్టుకునే ప్రోటీన్. సి5ని పట్టుకుని ముక్కలు కానివ్వదు, అంతే. మామయ్య కిడ్నీలను పాడుచేసింది ఈ దళం కాదు, షుగర్. అందుకే ఆయనకు పనికిరాదన్నాను. ఈ జబ్బుకి 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట వారం వారం, తర్వాత రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. తర్వాత వచ్చిన రావులిజుమాబ్ పెద్దవాళ్లకైతే ఎనిమిది వారాలకోసారి చాలు. అమెరికాలో ఎకులిజుమాబ్ ధర ఏడాదికి నాలుగు లక్షల డాలర్లు దాటేది! ఈ ధర నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకో చిక్కుంది. సి5ని ఆపితే, మెదడు పొరలకు వాపు తెచ్చే మెనింజోకాకస్ అనే క్రిమికి తలుపు తీసినట్టే. అందుకే వీలైతే రెండు వారాల ముందే టీకా వేస్తారు. అంత టైం లేకపోతే యాంటీబయాటిక్స్ కూడా ఇస్తారు. మందు వాడేవాళ్లకి జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

2011లోనే ఉత్తర జర్మనీలో ఈ.కోలై అనే పేగుల క్రిమిలో విషం వదిలే రకం ఒకటి చెలరేగింది. కారణం మొలకెత్తిన మెంతులు! విత్తనాలు ఈజిప్టు నుంచి వచ్చినవని తేలింది. ఎనిమిది వందల మందికి పైగా హెచ్‌యూఎస్ వచ్చింది (లక్షణాలు పైన చెప్పినవే, కానీ ఇది క్రిమి వల్ల వచ్చే రకం, ఎటిపికల్ కాదు), యాభై మందికి పైగా చనిపోయారు. సరిగ్గా అప్పుడే, అలాంటి జబ్బే చేసిన ముగ్గురు పిల్లలు ఈ మందుతో కోలుకున్నారని ఒక వైద్య పత్రికలో వచ్చింది. డాక్టర్లు చాలామందికి ఎక్కించారు. తీరా లెక్కలు చూస్తే, మందు వల్లే కోలుకున్నారని గట్టిగా చెప్పే ఆధారం దొరకలేదు. నేను ఆ డాక్టర్లను తప్పుపట్టను. కళ్ల ముందు మనిషి పోతుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? కానీ అక్కడ అసలు దోషి క్రిమి వదిలిన విషం.

మన దేశపు పిల్లల సంగతి వేరు. ఎటిపికల్ హెచ్‌యూఎస్ వచ్చినవాళ్లలో చాలామందికి ఫ్యాక్టర్ హెచ్ మీద సొంత శరీరమే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. వాళ్లకి త్వరగా ప్లాస్మా మార్పిడి చేసి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసేసి దాని బదులు వేరేది ఎక్కించి, స్టెరాయిడ్ల లాంటి ఇమ్యూనిటీ తగ్గించే మందులిస్తే, ఆ ఖరీదైన ఇంజెక్షన్ లేకుండానే చాలామంది కోలుకుంటున్నారు. కాకపోతే ఆ యాంటీబాడీ పరీక్షకి రక్తం ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టకముందే తీయాలి. ఆ తర్వాత తీస్తే రిపోర్టు తప్పుదారి పట్టించవచ్చు.

మీ తాతయ్య