గెలాక్సీ గెలిచినా చప్పగా ఎందుకు ఉంటుంది?

రాత్రి పదకొండు దాటింది. అంతరిక్ష వ్యూహక్రీడలో 212వ టర్న్. సరిహద్దు నక్షత్రం దగ్గర నాకొక గట్టి రక్షణ కేంద్రం ఉంది. కంప్యూటర్ నడిపే ఊదారంగు సామ్రాజ్యం అక్కడికి ఒక ఓడను పంపింది. కాలిపోయింది. మరుసటి టర్న్‌లో ఇంకోటి. అదీ కాలిపోయింది. అలా తొమ్మిది ఓడలు ఒకదాని వెనక ఒకటి వచ్చి బూడిదయ్యాయి. తొమ్మిదీ కలిసి వచ్చుంటే ఆ కేంద్రం నిలిచేది కాదు. మూడు టర్న్‌లు గడిచాయో లేదో, అదే సామ్రాజ్యం నలభై ఓడలతో మీదపడింది. దాని ఆరు గ్రహాల్లో నాలుగు అప్పటికే నా చేతిలో ఉన్నాయి. మిగిలిన రెండు గ్రహాల గనులతో నలభై ఓడలు కట్టడం ఎవరి తరమూ కాదు. మొదటిసారి విసుగొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. ఈ రెండింటికీ మూలం ఒకటేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ తరహా ఆటలకు ‘ఫోర్‌ఎక్స్’ అన్న పేరు 1993లో వచ్చింది. ఆ ఏడాది రాబోతున్న ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ అనే అంతరిక్ష ఆట గురించి ఒక పత్రికలో రాస్తూ అలన్ ఎమ్రిక్ ఆ పేరు పెట్టాడు. కొత్త చోట్లు వెతకడం, విస్తరించడం, వనరులు తవ్వుకోవడం, అడ్డొచ్చినవాళ్లను తుడిచిపెట్టడం, ఇంగ్లిష్‌లో ‘ఎక్స్’ శబ్దంతో మొదలయ్యే ఈ నాలుగు పనులే ఆట. నాలుగూ ఒకేసారి నడపడం మనిషికి సరదాగా ఉంటుంది. ప్రోగ్రామ్‌కు మాత్రం అదే పెద్ద చిక్కు.

చదరంగంలో ఒక్కో సందర్భంలో వెయ్యదగిన ఎత్తులు సగటున 35 వరకు ఉంటాయి. నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆటలో 250 వరకు ఉంటాయి. అంతరిక్ష యుద్ధాల మీద నడిచే ‘స్టార్‌క్రాఫ్ట్ 2’లో ఒక్కో అడుగులో చేయగలిగిన పనుల సంఖ్య 1 పక్కన 26 సున్నాలు పెట్టినంత ఉంటుందని గూగుల్‌కు చెందిన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు లెక్క వేశారు. 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించడానికి ముఖ్య కారణం, రాబోయే ఎత్తులను అది సెకనుకు కోట్లలో తరచి చూడగలగడం. ఇక్కడ ఆ పద్ధతి పనిచెయ్యదు. పైగా చదరంగం బల్ల మొత్తం కళ్లముందు ఉంటుంది, ఇక్కడ ప్రత్యర్థి ఏం కడుతున్నాడో మంచుతెర వెనక దాగి ఉంటుంది. అదీకాక, ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద ఏడెనిమిది సామ్రాజ్యాల ఆలోచనంతా కొన్ని సెకన్లలో తేలిపోవాలి. అందుకే ప్రోగ్రామర్లు చిన్న చిన్న నియమాలు రాస్తారు. ‘శత్రువు బలహీనంగా కనిపిస్తే దాడి చెయ్యి.’ ‘ఓడ తయారైతే సరిహద్దుకు పంపు.’ విడిగా చూస్తే రెండూ తెలివైనవే. నా కేంద్రం ముందు కాలిపోయిన తొమ్మిది ఓడలు బహుశా అలాంటి నియమం పుణ్యమే.

ఆలోచన నేర్పడం కష్టమైనప్పుడు, సరుకు ఇవ్వడం సులువు. డిఫికల్టీ లెవెల్ పెంచితే చాలా ఆటల్లో కంప్యూటర్‌కు బుర్ర పెరగదు, ఖజానా పెరుగుతుంది. గనుల నుంచి ఎక్కువ ఖనిజం, ఓడలకు తక్కువ ఖర్చు, కొన్నిచోట్ల మ్యాప్ మొత్తం కనిపించే వరం. నలభై ఓడలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు చెప్పడం కష్టం కాదు. ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ తయారీదారులు ఈ విషయం దాచలేదు. కంప్యూటర్ ప్రత్యర్థి పై స్థాయిలకు ‘చీటర్’ అనే పేరు పెట్టేశారు. మొదటిది మ్యాప్ అంతా చూస్తుంది, రెండోది వనరులు కూడా ఎక్కువ తెచ్చుకుంటుంది. ఈ పని నాకు చాలా నచ్చింది. ఓడిపోయినవాడు తాను దేనిచేతిలో ఓడాడో తెలుసుకుని లేస్తాడు.

అసమానత తప్పు కాదని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పులిజూదం ఆడినవాళ్లు గుర్తుచేసుకోండి. సాధారణంగా మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను చంపుతుంది. మేక పులిని చంపలేదు, చుట్టూ చేరి కదలకుండా కట్టెయ్యగలదు, అంతే. బలం సమానం కాదు, నియమాలూ సమానం కావు. అయినా గుడి మండపాల బండల మీద చెక్కిన ఆ గీతల దగ్గర కూర్చుని ఓడినవాడు ‘మోసం’ అనడు. పులి ఏం చెయ్యగలదో ఆట మొదలుకాకముందే ఇద్దరికీ తెలుసు. 2009లో వచ్చిన ‘ఏఐ వార్’ అనే అంతరిక్ష ఆట సరిగ్గా ఈ దారే పట్టింది. అక్కడ గెలాక్సీ దాదాపు అంతా ముందే కంప్యూటర్ చేతిలో ఉంటుంది. మనం దాని జోలికి ఎంత వెళ్తే అంత ఉగ్రంగా తిరగబడుతుంది. ఆ కోపం ఎంతుందో ఒక అంకెగా తెరమీదే కనిపిస్తుంది. ఏ గ్రహం పట్టుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అన్నదే అక్కడ అసలు ఆట.

అలాగని ఆటగాడి మనసు ఎప్పుడూ న్యాయంగా ఉంటుందని కాదు. ‘సివిలైజేషన్’ అనే వ్యూహక్రీడ సృష్టికర్త సిడ్ మైయర్ 2010లో ఒక ప్రసంగంలో దీని గురించి వివరంగా చెప్పాడు. యుద్ధంలో గెలుపు అవకాశం 3కి 1 అని తెర చూపించాక ఓడిపోతే ఆటగాళ్లు భరించలేకపోయారు. నాలుగుసార్లలో ఒకసారి ఓడటం లెక్క ప్రకారం సరైనదే. అదే 1కి 3 ఉన్నప్పుడు గెలిస్తే మాత్రం తమ ప్రతిభే అనుకున్నారు. చివరికి ఆయన బృందం లెక్కను ఆటగాడి మనసుకు తగ్గట్టు సవరించింది. నాకు ఇది కొంత బాధగానే అనిపిస్తుంది, కానీ వాళ్లను తప్పుపట్టలేను.

నిజంగా బాగా ఆడే యంత్రం వస్తే ఈ బాధ తీరుతుందా? డీప్‌మైండ్ తయారుచేసిన ఆల్ఫాస్టార్ ‘స్టార్‌క్రాఫ్ట్ 2’లో ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లను 5-0, 5-0 తేడాతో ఓడించిందని 2019 జనవరిలో ప్రకటించారు. అందులోని ఒక్కో ప్రోగ్రామ్ రెండు వారాల్లో గరిష్ఠంగా 200 ఏళ్ల ఆటతో సమానమైన సాధన చేసింది. కానీ ఆ పది ఆటల్లో అది మనిషిలా తెరను అటూ ఇటూ జరపకుండా, తనకు కనిపించాల్సినదంతా ఒకేసారి చూసింది. యుద్ధం ముదిరిన క్షణాల్లో ఏ వేళ్లకూ సాధ్యం కాని వేగంతో సైనికులను కదిపింది. మనిషిలాగే తెరను జరుపుతూ చూడాలన్న పరిమితి పెట్టిన మరో రూపంతో, ప్రకటన వచ్చిన రోజే ప్రత్యక్ష ప్రసారంలో పోలండ్ ఆటగాడు మానా ఆడాడు. రెండు బలమైన రోబోలను ఒక రవాణా నౌకలో ఎక్కించి ఆల్ఫాస్టార్ స్థావరంలో దించాడు. దాని సైన్యమంతా వెనక్కి పరిగెత్తింది. మానా వాటిని మళ్లీ నౌకలోకి ఎక్కించాడు. సైన్యం ముందుకు కదిలింది. మళ్లీ దించాడు, మళ్లీ పరిగెత్తింది. ఆ సమయంలో ఆయన కావలసినంత సైన్యం కట్టుకుని గెలిచాడు. అంత పేరున్న యంత్రం కూడా నా తొమ్మిది ఓడల తరహా పొరపాటు దగ్గరే ఆగింది.

ఇక గెలిచినప్పుడు దొరికే బహుమతుల సంగతి. 1990లలో నాడీశాస్త్రవేత్త వుల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. అనుకోకుండా పళ్లరసం దొరికితే ఆ కణాలు చెలరేగాయి. దీపం వెలిగిన ప్రతిసారీ రసం వస్తుందని నేర్చుకున్నాక, రసం దొరికినా అవి స్పందించలేదు. దీపం వెలిగి రసం రాకపోతే మామూలు కంటే తగ్గిపోయాయి. అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య ఉన్న తేడాకే ఆ కణాలు స్పందిస్తున్నాయన్నమాట.

దీన్ని ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ పక్కన పెట్టి చూడండి. అందులో ఓరియన్ గ్రహానికి ‘గార్డియన్’ అనే భయంకరమైన కాపలా ఓడ ఉంటుంది. దాన్ని కూల్చినవాళ్లకు ‘డెత్ రే’ లాంటి సాంకేతికత దక్కుతుంది. కానీ గార్డియన్‌ను కూల్చగలిగే సైన్యం సమకూరేసరికి చాలాసార్లు ఆట మన చేతికి వచ్చేసి ఉంటుంది. బహుమతి గొప్పదే, దానితో చెయ్యాల్సిన పనే మిగలదు. ఈ తరహా ఆటల్లో చివరి వంద టర్న్‌లు చప్పగా సాగేది ఇందుకే. ప్రత్యర్థి తేరుకోలేదని మెదడుకు ముందే తెలిసిపోయింది. దీపం వెలిగాక వచ్చే రసమే అది.

ఆ రాత్రి నలభై ఓడలనూ చివరికి ఓడించాను. తెల్లవారుజామున రాజధాని పట్టుకున్నాను, తెరమీద పతకం వెలిగింది, కంప్యూటర్ ఆపేశాను. ఆ ఆటలో ఈరోజుకీ నా కళ్లముందు కదిలేది మాత్రం 31వ టర్న్. ఆయుధం లేని చిన్న అన్వేషణ నౌక, పేరులేని నక్షత్రం, పాడుబడిన ఒక కేంద్రం. లోపలికి వెళ్లాలా వద్దా అని ఆట అడిగింది. మౌస్ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.