ఎలుగుబంటి ఫోటో: దిద్దుబాటుకు హద్దు ఎలా ఏర్పడింది

పెద్ద వైల్డ్‌లైఫ్ ఫోటో పోటీల్లో చివరి వడపోతకు చేరిన ఫోటోలకు నిర్వాహకులు ఇప్పుడు రా ఫైల్ (కెమెరా నేరుగా రాసిన, దిద్దని అసలు ఫైలు) అడుగుతున్నారు. ఎలుగు మూతికి అడ్డొచ్చిన గడ్డిపరకను చెరిపేశారా, వెనకనున్న రెండో ఎలుగు చెవిని క్లోన్ చేసి మాయం చేశారా అన్నది ఆ ఫైలు పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. క్రాప్ చేయొచ్చు, వెలుగునీడలు సర్దొచ్చు, సెన్సర్ మీది దుమ్ము మచ్చ తుడవొచ్చు. గడ్డిపరక తీస్తే మాత్రం ఫోటో పోటీలోంచి పోతుంది. మొదటిసారి పంపేవాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. ఈ నియమం వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది. ఎలుగును ఎంత దూరం నుంచి, ఎలా ఫ్రేమ్‌లో పెట్టాలన్న సంగతి కూడా ఆ కథలోనే ఉంది.

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఒకప్పుడు హోటళ్ల వంటింటి చెత్త పోసే చోట్లకు ఎలుగులు వచ్చేవి. వాటిని చూడటానికి ఆటర్ క్రీక్ దగ్గర జనం కూర్చునే మెట్లు కూడా కట్టారు. ఆ ప్రదర్శన రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆగింది. రోడ్డు పక్కన తిండి పెట్టకూడదన్న నిషేధం 1902 నుంచే ఉన్నా, గట్టిగా అమలైంది మాత్రం 1970 నుంచే. మధ్యలోని దశాబ్దాల్లో ఎలుగు ఫోటో అంటే కారు కిటికీ మీద ముందుకాళ్లు వేసి నిలబడ్డ జంతువే. ముఖం ఫ్రేమ్ నిండా ఉండాలన్న అలవాటు అప్పుడే పాతుకుపోయింది. దగ్గరగా కనిపిస్తే మంచి ఫోటో అన్న లెక్క ఇప్పటికీ చాలామందిని వదల్లేదు.

ఇప్పుడు ఎల్లోస్టోన్‌లో ఎలుగుకు కనీసం 100 గజాల దూరంలో ఉండాలి, అంటే 91 మీటర్లు. అలాస్కాలోని కట్‌మయ్ పార్కులో 50 గజాలు. ఈ దూరాలు ఫోటోను ఎలా మారుస్తాయో లెక్క వేసి చూడాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 ఎంఎం లెన్స్ పెడితే 91 మీటర్ల దగ్గర ఫ్రేమ్ వెడల్పు దాదాపు ఐదున్నర మీటర్లు. రెండు మీటర్ల ఎలుగు పక్కకు తిరిగి నిలబడితే అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ పడుతుంది. 400 ఎంఎం అయితే ఫ్రేమ్ ఎనిమిది మీటర్లు దాటుతుంది, ఎలుగు నాలుగో వంతే. కాబట్టి మిగిలిన జాగాలో ఏముందో చూసుకోవడమే సగం పని. ఆ జాగాను తర్వాత కత్తిరించేద్దామని వదిలేస్తే పిక్సెళ్లే మిగలవు.

కట్‌మయ్‌లోని బ్రూక్స్ జలపాతం ఈ కథలో పెద్ద మలుపు. ఎత్తు ఆరడుగులే. జులైలో సాకై సాల్మన్ చేపలు ప్రవాహానికి ఎదురు ఎగురుతూ వస్తాయి, గోధుమరంగు ఎలుగులు అంచు మీద నోరు తెరుచుకుని నిలబడతాయి. 1988లో థామస్ మాంగెల్సన్ అక్కడ తీసిన ‘క్యాచ్ ఆఫ్ ది డే’ ఫోటోలో చేప గాల్లో ఉంది, ఎలుగు నోటికి కొద్ది దూరంలో. ఆయన ముందే ఆ దృశ్యాన్ని మనసులో కట్టుకుని, ఎలుగు తల దగ్గరే ఫ్రేమ్ బిగించి కాచుకున్నారు. ఫిల్మ్ కడిగాక గానీ ఆ క్షణం దొరికిందని ఆయనకు తెలియలేదు. రెండేళ్లకు, 1990లో, ఫోటోషాప్ వచ్చింది. ఆ తర్వాత ఈ ఫోటో చూసినవాళ్లు ‘చేపను అతికించారా?’ అని అడగడం మొదలుపెట్టారు. నిజంగా తీసిన ఫోటో కూడా అనుమానం మోయాల్సి వచ్చిన కాలం అది. దిద్దుబాటుకు హద్దు పెట్టాలన్న వాదనకు ఇంతకంటే బలమైన ఉదాహరణ మాకు కనిపించదు.

అక్కడి ప్లాట్‌ఫామ్ మీద చోటు పరిమితం. రద్దీగా ఉంటే నలభై మందిని మించి ఎక్కనివ్వరు, ఒక్కొక్కరికి గంటే సమయం. కాళ్లు కదిపి కోణం మార్చే వీలుండదు కాబట్టి ఎలుగులు ఒకదాని మీద ఒకటి పడకుండా విడిపోయేదాకా ఆగడమే కూర్పు. ఎలుగు పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నప్పుడే చేప, తల ఒకే ఫోకస్ తలంలోకి వస్తాయి. లెన్స్ ద్వారాన్ని కుదించి ఎఫ్8 దగ్గర పెడితే ఫోకస్‌కు కొంత ఊపిరి దొరుకుతుంది. చేపను ఆపడానికి సెకనులో రెండువేలో వంతు షట్టర్ కావాలి. వెయ్యో వంతుకు తోక చెదురుతుంది. ఎక్కువమంది నష్టపోయేది నురగ దగ్గర. తడిసిన ముదురు బొచ్చు కోసం ఎక్స్‌పోజర్ పెంచితే నురగ తెల్ల కాగితం అయిపోతుంది, ఆ వివరం ఏ సాఫ్ట్‌వేర్‌కూ తిరిగి రాదు. నురగను కాపాడుకుని, బొచ్చులోని నీడలను తర్వాత లేపుకోవాలి.

అనుమానం పెరగడానికి ఎలుగులతో సంబంధం లేని సంఘటనలు కూడా కారణమే. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటర్లో దగ్గరికి జరిపారు. 1994లో వచ్చిన ఆర్ట్ వూల్ఫ్ పుస్తకం ‘మైగ్రేషన్స్’లో మందలు నిండుగా కనిపించేలా జంతువులను డిజిటల్‌గా చేర్చారని గొడవైంది. వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009 విజేత ఫోటోలోని తోడేలు మచ్చికైన జంతువు అయ్యుండే అవకాశమే ఎక్కువని తేల్చి 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2018లో అదే పోటీ ఒక చీమలతిండి జంతువు ఫోటోను కొట్టేసింది, అది గడ్డి కూరిన నమూనా అయ్యుంటుందన్న నిర్ణయంతో. ఆ ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ ఆరోపణను ఒప్పుకోలేదు. 2010ల మధ్యకల్లా ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, ఫియాప్ (ఫోటో సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), బ్రిటన్ రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ నేచర్ విభాగానికి ఒకే నిర్వచనం పెట్టుకున్నాయి. ఫ్రేమ్‌లోని దేన్నీ చేర్చకూడదు, జరపకూడదు, మార్చకూడదు; క్రాప్ చేసి తప్ప తీసేయకూడదు. మన దగ్గర నుంచి సలోన్లకు, అంటే ఈ సంఘాల గుర్తింపుతో జరిగే ఫోటో పోటీలకు, పంపేవాళ్లు పాటించాల్సిందీ ఇదే.

మన నల్ల ఎలుగు (ఇంగ్లిషులో స్లోత్ బేర్) విషయానికొస్తే కష్టం ఇంకో రకం. అనంతపురం సరిహద్దుకు అవతల, హంపీకి దగ్గర్లో దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. మధ్యాహ్నం దాటాక అటవీ సిబ్బంది అక్కడి బండల మీద బెల్లం పాకం పూస్తారు. ఎలుగులు దిగివచ్చి నాకుతాయి, సందర్శకులు దూరంగా వాచ్ టవర్ మీదినుంచి చూస్తారు. అందుకే దరోజి ఫోటోల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయి: తల వంచుకుని బండకు మూతి ఆనించిన నల్లటి ముద్ద. కళ్లు కనిపించవు, తెల్లటి మూతి కనిపించదు, ఛాతీ మీద ఇంగ్లిషు వి అక్షరంలాంటి మచ్చ అసలే కనిపించదు. నాకడం ఆపి గాలిలో వాసన పట్టడానికి తల ఎత్తినప్పుడే మూడూ ఒకేసారి వెలుగులోకి వస్తాయి. షట్టర్ వేలు ఆ క్షణం కోసం ఆగాలి. ఎండకు కాగిన రాతి మీద ఆవిర్లు లేస్తుంటే పొడవు లెన్స్‌లో బొచ్చు కరిగినట్టు వస్తుంది. దాన్ని షార్ప్‌నెస్ పెంచి సరిచేయబోతే ఆ కరుగుదలే ఇంకా గట్టిగా కనిపిస్తుంది. పొద్దు వాలి రాయి చల్లబడేదాకా ఆగడం ఒక్కటే మందు.

ఎక్స్‌పోజర్‌లో చాలామంది ఒకటే సూత్రం పట్టుకుని మోసపోతారు. నల్ల జంతువు కాబట్టి తగ్గించాలన్నది సగమే నిజం. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దేన్ని చూసినా మధ్యస్థ బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. ఎలుగు ఫ్రేమ్‌లో సగానికి మించి ఉంటే అది నల్లదాన్ని బూడిద చేస్తుంది, అప్పుడు 0.7 నుంచి 1 స్టాప్ తగ్గించాలి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపు). ఎలుగు చిన్నదై చుట్టూ తెల్లటి గ్రానైట్ ఉంటే మీటర్ రాయిని చూసి మొత్తం చీకటి చేస్తుంది. అక్కడ తగ్గిస్తే ఎలుగు బొగ్గు ముద్దే. సున్నా దగ్గర ఉంచి, రాయి పూర్తిగా తెల్లబారిందని కెమెరా తెర మీద మెరిసే హైలైట్ హెచ్చరిక రానంత వరకు 0.3 పెంచుకోవచ్చు. పాతకాలపు స్లైడ్ ఫిల్మ్ ఐదు స్టాప్‌ల తేడానే మోసేది, నల్ల బొచ్చును వదులుకోక తప్పేది కాదు. ఇప్పటి సెన్సర్లు తక్కువ ఐఎస్ఓ దగ్గర పదమూడు స్టాప్‌ల దాకా మోస్తాయి.

ఆ మోసే శక్తిని దుబారా చేయడమే ఇప్పుడు ఎక్కువగా కనిపించే తప్పు. లైట్‌రూమ్ లాంటి దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌లో నీడలను లేపే షాడోస్ స్లైడర్‌ను 80కి తోస్తే బొచ్చు కొబ్బరి పీచులా గోధుమ బూడిదరంగుకు తిరుగుతుంది, నాయిస్ (గరుకు చుక్కలు) పైకి తేలుతుంది. 25 నుంచి 40 మధ్య ఆపి, బ్లాక్స్ 10 నుంచి 15 తగ్గిస్తే బొచ్చు విడిపోతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది. ఆరుబయట నీడలో నల్ల బొచ్చు ఆకాశం రంగు పట్టి నీలంగా వస్తుంది. మొత్తం ఫోటోకు వెచ్చదనం పెంచితే రాయి పసుపెక్కుతుంది కాబట్టి ఎలుగు వరకే మాస్క్ వేసి నీలం సాచురేషన్ తగ్గించాలి. క్లారిటీ స్లైడర్ జోలికి పోవద్దు. నల్ల ఒంటికీ లేత రాతికీ మధ్య తెల్లటి అంచు గీసినట్టు వస్తుంది. టెక్స్‌చర్ ముఖం మీద 10, 15 చాలు. కన్నును 0.3 నుంచి 0.5 స్టాప్ లేపవచ్చు. కంటిలో లేని మెరుపును కుంచెతో పెడితే అది చేర్చడమే అవుతుంది.

2023లో లైట్‌రూమ్‌లోకి వచ్చిన ఏఐ డీనాయిస్ దగ్గర ఎలుగు బొచ్చుకు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. 50 దాటితే చింపిరి బొచ్చు దువ్వినట్టు పాయలు పాయలుగా మారుతుంది. 25, 30 దగ్గర కాస్త నాయిస్ మిగలనివ్వడమే నయం. అదే ఏడాది ఫోటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ పూరింపుతో (లేనిదాన్ని ఏఐ గీసి నింపే సాధనం) తెగిన పాదాన్ని మళ్లీ గీయించుకోవచ్చు, కానీ ఆ గోళ్లు ఆ ఎలుగువి కావు. పొడవాటి లేతరంగు గోళ్లు మన ఎలుగుకు గుర్తు, కాబట్టి తీసేటప్పుడే పాదాల కింద జాగా వదలాలి. క్రాప్ ఎంతవరకు అంటే, 45 మెగాపిక్సెళ్ల ఫైలును రెండు వైపులా సగానికి కోస్తే 4128×2752 మిగులుతుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది 35 సెంటీమీటర్ల వెడల్పు ప్రింటు. ఇంకా కోస్తే నాయిస్, ఆవిరి, ఫోకస్ లోపం అన్నీ పెద్దవవుతాయి.

దూరం పెరిగే కొద్దీ కూర్పు మారక తప్పదని నార్వేకు చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్ ఇప్పుడు చూపిస్తున్నాయి. అక్కడ 2025 జనవరి నుంచి ధ్రువపు ఎలుగులకు 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు దూరం ఉండాలి. 300 మీటర్ల దగ్గర 600 ఎంఎం ఫ్రేమ్ 18 మీటర్ల వెడల్పు. ఎలుగు అందులో ఎనిమిదో వంతు. ముఖం కోసం వెళ్లేవాళ్లకు ఇది నష్టం. మంచు, నీరు, జంతువు మూడూ కలిపి చూసేవాళ్లకు కాదు. మంచుగడ్డ మీద నిద్రపోతున్న ఎలుగును చూపిన నీమా సారిఖానీ ఫోటో 2024లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో ప్రజల ఓటు గెలిచింది, అందులో మంచుగడ్డకు ఎలుగంత ప్రాధాన్యం ఉంది.

ఇక క్యాప్షన్. బక్కచిక్కిన ధ్రువపు ఎలుగు వీడియో 2017లో లోకమంతా తిరిగింది. దాన్ని నేరుగా వాతావరణ మార్పుకు ముడిపెట్టడంలో హద్దు దాటామని 2018లో నేషనల్ జియోగ్రాఫిక్ ఒప్పుకుంది. ఒక్క పిక్సెల్ మార్చకుండానే ఫోటో తప్పు చెప్పగలదు. దరోజి ఫోటో పంపేటప్పుడు బండ మీద తడి మెరుస్తున్న బెల్లం మరకను చెరపకండి, అది నియమం ప్రకారమే కుదరదు. క్యాప్షన్‌లో ‘అటవీ సిబ్బంది పాకం పూసిన బండ మీద, వాచ్ టవర్ నుంచి, సాయంత్రం’ అని రాయండి.